బిళ్ళ కట్టే చోటు

తుగ్గలి నుంచి తెల్లారి బస్సుకొచ్చినారు అన్నదమ్ములు.
మారెన్నకు మోచేతి మీద ఒకటే మచ్చ,
ఆరిన చౌడు మాదిరి పాలిపోయి.
చిన్నోడు ఉరుకుందుకు మచ్చలంటూ లేవు.
కనుబొమలు రాలి, చెవి తమ్మెలు బరువెక్కి,
నవ్వితే ఆ నవ్వు
ఇంకెవరి ముఖం వెనక నుంచో వచ్చినట్టుంది.

ఒకే ఇల్లు, ఒకే కడవ నీళ్ళు, ఒకే క్రిమి.
అన్న స్లైడులో వెతికి వెతికి ఒక్కటీ దొరకలేదు.
తమ్ముడి దాంట్లో ఎర్రగా
అగ్గిపుల్లలు కట్టలు కట్టలు.

"ఒకే చేన్లో వజ్రాలకు తిరిగినోళ్ళం మేడమ్,
నాకే ఎందుకింత?"

కర్నూలు పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
ఈ మైక్రోస్కోపు కాడ ఇరవై రెండేళ్ళు నాకు.
ఇంతవరకు ఎవరూ అడగలేదు.

మీరు తిరిగినట్టే, అన్నాను,
తోలు లోపల కొన్ని కణాలు తిరుగుతుంటాయి.
డెండ్రైటిక్ కణాలంటాం. ఒళ్ళంతా కొమ్మలే,
తుమ్మచెట్టు లెక్క.
కొత్తది ఏదన్నా తగిలితే ఏరుకొని
కొంగున ముడేసుకొని నడుస్తాయి
చంకలోకి, గజ్జల్లోకి,
మనం బిళ్ళ కట్టిందంటామే, ఆ చోటికి.
అక్కడ కూర్చోనుంటారు వ్యాపారులు, టి కణాలు.
ఒక్కొక్కరికి ఒక్క రాయే తెలుసు.
మిగతావన్నీ పలుగురాళ్ళే.

కానీ రాయి చూపిస్తే చాలదు ఉరుకుందూ,
తెచ్చినోళ్ళు ఏ గొంతుతో చెప్తారో అదీ వింటారు.
ఒక జాతి కొమ్మకణం
"దొంగ ఇంట్లోనే దూరినాడు, తలుపు పగలగొట్టు" అంటుంది.
ఇంకో జాతి "వీధిలో దండోరా వెయ్యి" అంటుంది.
"ఊరకుండు, మనోడేలే" అని జోకొట్టేవీ ఉన్నాయి.
నీ ఒంట్లో దండోరా బాగానే మోగింది.
దొంగ మాత్రం అటక మీద నిద్రపోతున్నాడు.

"అట్లయితే మా యన్న గెలిచినట్టే."

మారెన్న మాట్లాడలేదు. చెయ్యి చాపినాడు.
చిటికెనవేలూ దాని పక్కదీ వంగిపోయినాయి.
మోచేతి వెనక నరం, పట్టుకుంటే తాడంత.
తలుపు పగలగొట్టినోళ్ళు
గోడను కూడా వదల్లేదు.

తమ్ముడి తోలుముక్కలో కొమ్మకణాలు పలచన.
ఎందుకో నాకు తెలీదు.
పుస్తకంలో "కావచ్చు" అని రాసుంది,
అది వాళ్ళకు చెప్పలేదు.

అన్నకు ఆరు నెలల మాత్రలు, తమ్మునికి ఏడాది.
సంచిలో పెట్టుకుంటా అడిగినాడు:
"ఆ కొమ్మలదానికి రాయి తెచ్చినందుకు ఏం దక్కుతుంది?"
ఏం లేదు. చెప్పాల్సింది చెప్పి
చాలావరకు అక్కడే చచ్చిపోతుంది.
"మా కూలోళ్ళ లెక్కే అయితే" అని నవ్వినాడు,
ఈసారి నవ్వు ముందుకే వచ్చింది.

కిటికీ బయట హంద్రీ వైపు మబ్బు.
రేపు వానపడితే చేనుకు పోతాడు, ఆపలేను.
చెప్పులేసుకో, నీ కాలికి ఏదీ తెలీదు.
వజ్రానికి చూసినట్టే
ముల్లుకూ చూసుకో.