అంచు

సులైబిఖాత్ తీరాన ఆటు వేళ.
నీళ్లెక్కడ ఆగాయో, బురదెక్కడ మొదలైందో
గీత గీసి చూపమంటే నా వల్ల కాదు.

పొద్దున షమీలా అడిగింది:
"సీసం కేంద్రకానికి అంచెక్కడ టీచర్?"
ఎలక్ట్రాన్లను విసురుతారు, అన్నాను.
ఏ కోణంలో ఎన్ని చెదిరాయో లెక్కపెడతారు.
గ్రాఫు జారి జారి ఒకచోట గుంటపడుతుంది,
ఆ గుంటని బట్టే ఎంత వెడల్పో తెలుస్తుంది.
"వెడల్పు సరే. అంచు?"
గంట కొట్టారు.

ఇప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నా.
మడమ ఆరింది. తడిసింది. ఇంకో రెండడుగులకి
ఆరిందో తడిసిందో.

రేపు బోర్డు మీద సున్నా చుట్టను.
సుద్దముక్కని పడుకోబెట్టి
నడుమంతా దట్టంగా రుద్ది
వేలితో బయటికి అలికేస్తా.
వేలికంటిన పొడి చూపించి
ఇదీ సీసమేనే, అంటా.