మోచేతి బెల్లం

నలభై ఎనిమిదేళ్ళుగా నాతోనే ఉంది,
దాని మొహం నేనెప్పుడూ చూడలేదు.
జాకెట్టు కొలతలు తీస్తూ
కుట్టుమిషను వీరవేణి అంది:
"అక్కా, నీ మోచెయ్యేంటి,
ఏనుగు మోకాలిలా ఉంది?"

అద్దం ముందు మెలికలు తిరిగాను.
వంచితే భుజం కనబడింది,
చాపితే ఒట్టి ముడతలు.
చివరికి మా చిన్నది ఫోన్లో ఫోటో తీసి చూపిస్తే
ఇంకెవరిదో అనుకున్నాను.
వేసవిలో కాలవలు కట్టేశాక
అడుగు తేలిన బోదె ఉంటుందే,
నల్లగా, పెచ్చులు పెచ్చులుగా
అచ్చం అలాగే.

నరసాపురం లేసు ఊరికే రాదండీ.
సూది పట్టిన చెయ్యి గాల్లో నిలవదు,
ఎక్కడో ఒకచోట ఆనాలి.
నాకైతే గుమ్మం పక్క గచ్చు.
పొద్దున పది నుంచి దీపాలవేళ దాకా
ఒళ్ళో తెల్లటి పువ్వులు పూస్తుంటే
కింద గచ్చు మోచేతిని కొరుక్కు తినేది.
తోలు మాత్రం ఏం చేస్తుంది పాపం,
ఒత్తిడి మీద ఒత్తిడి పడేకొద్దీ
పొర మీద పొర పేర్చుకుని
తనకు తనే గోడ కట్టుకుంది.

దానికి తోడు ధనుర్మాసపు చలిగాలి,
పొగలు కక్కే నీళ్ళ స్నానం.
దారానికి మరకంటకూడదని
రోజుకి పదిసార్లు
బట్టలసబ్బుతో మోచేతులదాకా కడుక్కోవడం.
ఎటు చూసినా కొబ్బరితోటలే,
చేతికి నూనె మాత్రం నిషేధం.
మరకపడ్డ గుడ్డ ఏజెంటు వెనక్కిచ్చేస్తాడు.

సిగ్గేసి, ముందు కొబ్బరిపీచుతో రుద్దాను.
తర్వాత నిమ్మచెక్క, ఉప్పు.
ఆ రాత్రి మంటకి నిద్రలేదు,
దుప్పటి మీద నెత్తురు చుక్క.
సబ్ సెంటరులో నర్సు ఎస్తేరురాణి
నా చెయ్యి వెలుతురుకి తిప్పి చూసి
"గిన్నె అనుకున్నావా, తోమడానికి?" అని కసిరింది.

గోరువెచ్చని నీళ్ళు చాలంది.
ఒళ్ళు అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే
కొబ్బరినూనె పట్టించమంది.
పడుకునేముందు మరోసారి,
పైన పాత మేజోడు కాలు కోసి తొడుక్కోమంది.
"గచ్చుకీ నీకూ మధ్య ఏదైనా మెత్తగా వెయ్యి.
నెల్లాళ్ళు ఓపిక పట్టు.
వెండిపొలుసుల్లా రాలినా, పగిలి చీము పట్టినా
నూనెతో సరిపెట్టకు, ఆసుపత్రికి రా."

మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు అంటారు కదా,
ఆ బెల్లం నాకు బాగా తెలుసు.
"వచ్చే లోడుకి రేటు పెంచుతాం"
అన్న మాట మీద ముప్పై ఏళ్ళు అల్లాను.
నాలిక ఎంత చాపినా అందలేదు.
ఆ రాత్రి పీట మీద కూర్చుని
నూనెగిన్నెలో వేళ్ళు ముంచినప్పుడు తట్టింది:
నాలిక అందనిచోటికి
ఎడమచెయ్యి అందుతుంది.

మెత్తకోసం ఒక లేసు బిళ్ళ అల్లాను,
నాకోసం అల్లుకున్న మొదటిది.
మధ్యాహ్నం దానిమీద ఆనుకుని కునుకు తీసి లేస్తే
మోచేతి మీద ఎర్రగా అచ్చుపడింది
ఎనిమిది రేకుల పువ్వు.
చిన్నది పడీపడీ నవ్వింది.
లేసు చూడ్డానికేనండీ, ఆనుకోడానికి కాదు.
మా ఆయన పాత బనీను నాలుగు మడతలేసి వాడుతున్నాను.

గరుకు పోయిందని అబద్ధం చెప్పను.
బోదెలోకి మొదటి నీళ్ళు వదిలినప్పుడు
ఎండు పగుళ్ళు ముందు కాసేపు తాగుతాయి,
ఆ తర్వాతే నీళ్ళు కనిపిస్తాయి.
ఇంకా తాగుతూనే ఉంది.

మొన్న ఏజెంటు మేజాగుడ్డ విప్పి
మూల మీద వేలు పెట్టాడు.
"ఇదేంటి, నూనె మరకా?"
చీరకొంగు సర్దుకుని,
చెయ్యి దాచుకోకుండా,
"ఆయ్, నాదేనండీ" అన్నాను.