చిటికె

మూడు రోజులకోసారి కొళాయి వచ్చే తాడిపత్రిలో
క్యాన్ల మంచినీళ్లు కొని ఉప్పు కలుపుతున్నానని
ఓబుళమ్మత్త బుగ్గలు నొక్కుకుంది.

గాజుతొట్టిలో వేలెడంత గోబీ.
నోటినిండా ఇసుక తెచ్చి
గుమ్మం బయట ఉమ్మి, మళ్లీ లోపలికి.
చూపానని రొయ్య తవ్వుతుంటే
మొహం బయటపెట్టి కాపలా.

నేనేమో పాలిష్ మిషన్ మీద పనోణ్ని.
గోళ్ల సందుల్లో బండపొడి.
మూడుసార్లు కడిగితే గాని
చెయ్యి ఆ నీళ్లలో పెట్టను.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
బ్యాటరీ మోటారు బుడగలు వింటూ కూచున్నా.
టార్చి వేస్తే ఇసుక చదునుగా ఉంది,
కింద ఇల్లున్నట్టే లేదు.

తెల్లారి అత్తే అడిగింది:
"యాడికి పాయెరా నీ చేప? బొక్క పూడిపోయిండాది."
"లోపలే ఉండాదిలే."
నమ్మలేదు.
వంగి, గాజుకు చెవి ఆనించింది.

లోపల్నుంచి రొయ్య చిటికేసింది.