ఇరవై ఒకటిలో తొమ్మిది

గురువారం, మధ్యాహ్నం రెండు.
అరెకీపా ఎండ తెల్లరాతి గోడల మీద పడి
తిరిగి మన కళ్ళలోకే వస్తుంది.
వృత్తి నీతి అంటే మా ఫార్మసీ పిల్లలకి
అన్నం తిన్నాక వచ్చే ఆవులింత.
ప్రమాణం ఎప్పుడో బట్టీ పట్టేశారు,
కామాలతో సహా అప్పజెబుతారు.

ఈసారి పుస్తకం తెరవలేదు.
కౌంటరు దగ్గర మిమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి ఒకటి
పేరు లేకుండా రాసి డబ్బాలో వెయ్యమన్నాను.
మొదట చేతికొచ్చిన చీటీ పెన్సిల్‌తో రాసింది:

"ఒకావిడ. దవడ వాచి శాలువాతో కట్టుకుంది.
రోజుకి మూడు, ఏడు రోజులు అని డాక్టరు రాశాడు.
తొమ్మిదింటికే డబ్బులున్నాయి."

అంతే. చివర చుక్క కూడా లేదు.

నేలిదా లేచింది. ముందు బెంచీ, ముందు జవాబు.
"ఇవ్వకూడదు మేడమ్. సగంలో ఆపితే క్రిమి మొండికెత్తుతుంది."
నిజమే. నేను చెప్పిన పాఠమే
ఇస్త్రీ చేసి నాకే తెచ్చిచ్చింది.

విల్బెర్ చేతికి ఎముక లేదు:
"మొత్తం ఊరికే ఇచ్చేస్తా."
"ఎవరి కొట్లోంచి?" అన్నాను.
క్లాసంతా నవ్వింది, వాడు కూడా.

"ఇప్పుడు తొమ్మిదిచ్చి, మిగతావాటికి మళ్ళీ రమ్మంటే?"
కిటికీ పక్కనుంచి ఎవరో.
"రారు," అన్నాడు విల్బెర్, "వాళ్ళు రారు."

వాళ్ళు.
ఆ మాట బోర్డు మీద రాశాను.
దాని కింద ఏం రాయాలో తోచలేదు.
ఇరవై ఆరేళ్ళు నా కౌంటరు వెనక
నేనూ అన్న మాటే అది,
కాస్త మర్యాదగా, కాస్త గొంతు తగ్గించి.

అప్పుడు వెనక వరసలో ఎలెఉతేరియో
చెయ్యి ఎత్తకుండానే మొదలుపెట్టాడు.
బస్టాండు పక్క మందుల షాపులో రాత్రి డ్యూటీ వాడిది,
నా క్లాసులో ఎప్పుడూ తూగుతుంటాడు,
రెండుసార్లు తిట్టాను కూడా.

"తొమ్మిది ఇచ్చాను. సోమవారం రాత్రి.
మొదటిది నా ముందే వేసుకుంది.
మిగతా పన్నెండూ కవర్లో పెట్టి, పైన పేరు రాసి
తూకం మిషను కింద దాచాను.
డబ్బుల సంగతి తర్వాత, మధ్యలో మాత్రం ఆపకమ్మా అన్నాను.
తల ఊపింది. అర్థమైందో లేదో.
ఆవిడది కెచువా. నాకు వచ్చింది మా అమ్మమ్మ దగ్గర
విన్నంత మాత్రమే."

"వచ్చిందా?" నేలిదా వెనక్కి తిరిగి అడిగింది.

వాడు వేళ్ళ మీద లెక్క పెట్టాడు.
"ఈ మధ్యాహ్నంతో తొమ్మిదీ అయిపోతాయి.
రాత్రికి పదోది కావాలి."

ఎవరూ ఆవులించలేదు.
అది ఒప్పో తప్పో చెప్పమని నా వైపు చూశారు.
నేను సుద్దముక్క చేతిలో తిప్పుతూ
గంట కొట్టేదాకా నిలబడ్డాను.

రాత్రి తొమ్మిదింటికి ఆ షాపు ముందు దిగాను.
ఇనపకటకటాల వెనక ఎలెఉతేరియో.
నన్ను చూసి నమస్కారం చెప్పాడు, ఏం కావాలని అడిగాడు.
దూది, అన్నాను. ఇంట్లో మూడు కట్టలున్నాయి.

తూకం మిషను కింద కవరు అంచు తెల్లగా కనబడుతోంది.
వాడు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టాడు.
పై కాలనీల నుంచి వచ్చే మినీబస్సు
మూలమీద ఆగింది.
ఇద్దరం అటు చూశాం.