పరిశీలిస్తాం

అనంతపురంలో, సప్తగిరి సర్కిల్‌కు అవతల,
టైర్ల గోడౌను మీది అంతస్తులో మా శిక్షణ హాలు.
తొమ్మిది నెలల కోర్సు. ఇరవై ఇద్దరం.
మద్దిలేటి బ్యాంకు వదిలొచ్చినాడు,
తబస్సుం ఆడిటర్ దగ్గర లెక్కలు వదిలొచ్చింది,
నేను బెంగుళూరులో రాత్రి షిఫ్టు వదిలొచ్చినా.
మెడలో బిళ్ల మీద పి. ఓబులేశ్ అని ఉంది.
ఇంట్లో నేను పెన్నోబులేసును.
అంత పేరు బిళ్లలో పట్టదన్నారు.

పొద్దున బడ్జెట్టు చదవడం,
మధ్యాహ్నం మైకు ముందర నిలబడడం.
చేతులు యాడ పెట్టుకోవాలో కూడా నేర్పిస్తారు:
జేబులో వద్దు, నడుం మీద అసలే వద్దు.
ఎదుటి మనిషి కోపంగా వస్తే
ముందు నీళ్లు, తర్వాత కుర్చీ, ఆ తర్వాతే మాట,
అంటుంది గీర్వాణి మేడం.
నిజమే గదా అని రాసుకున్నా.

పోయిన శుక్రవారం ఒక నాటకం లాంటిది పెట్టినారు.
బల్లకు అటుపక్క అధికారి, ఇటుపక్క రైతు.
చీటీ తీస్తే నాకు రైతు వచ్చినాడు.
పంట బీమా రాలేదని అడగాల.
దానికి నేను తయారయ్యేదేముంది?
"సార్, వాన మా చేన్లో పడలే సార్,
మండలాఫీసు మిద్దె మీద పడింది.
కొలిచే గొట్టం ఆడుంది, మా చేన్లో లేదు.
మీ గొట్టం తడిసింది సార్,
మా సెనక్కాయ తడవలే."
హాలంతా నవ్వింది.
ఇంకా చెప్తాంటే నవ్వడం ఆపింది.
మేడం కాగితం మీద రాసిచ్చింది:
విషయం బాగుంది. ఆవేశం తగ్గించుకోవాలి.

ఈ శుక్రవారం చీటీలు మారినాయి.
నేను అటుపక్క.
చున్నీ తలకు చుట్టుకొని తబస్సుం రైతయి వచ్చింది,
నా మాటలే నాకు అప్పజెప్పింది, గొట్టంతో సహా.
నీళ్లిప్పించినా. కుర్చీ చూపించినా.
రెండు చేతులూ బల్ల మీద పెట్టి, కొంచెం ముందుకు వంగి,
ఎంత మెత్తగా అన్నానో:
"మీ విషయం పరిశీలిస్తాం."

ఆ మాట నాకు పాత చుట్టం.

పదేండ్లప్పుడు మా నాయిన ఎర్రిస్వామి
నన్ను ఇదే ఊరికి పిల్చుకొచ్చినాడు,
సోమవారం అర్జీల వరుసలోకి.
చదువుకునే పిల్లోడు పక్కనుంటే మాటసాయం అనుకున్నాడేమో.
ఏడింటికి నిలబడితే రెండు దాటినాక మా వంతు.
కుర్చీలో ఉండే ఆయన తల ఎత్తి చూసినాడు కూడా.
మంచాయనే, అబద్ధమెందుకు.
ఆయనా అదే మాట అన్నాడు.

కళ్యాణదుర్గం బస్సులో నాయిన గుసగుసగా అడిగినాడు,
"అంటే ఏందిరా?"
"చూస్తారంట నాయినా."
చూస్తారంట, చూస్తారంట అని
పక్కసీటు పెద్దాయనకు చెప్పినాడు,
టికెట్టు కొట్టే కండక్టరుకు చెప్పినాడు,
దిగినాక నాకు ఉగ్గాని బజ్జీ కొనిచ్చి
తాను నీళ్లు తాగినాడు.
అర్థం చెప్పింది నేను.
తప్పు చెప్పినానా అని
ఇప్పటికీ తేల్చుకోలేకున్నా.

గంట కొట్టినారు, నాటకం అయిపోయింది.
స్వరం: పదికి పది, అని కాగితం వచ్చింది.
మద్దిలేటి భుజం తట్టినాడు.
తబస్సుం మాత్రం కుర్చీలోంచి లేవలే,
చున్నీ విప్పలే.
"ఎప్పుడు సార్?" అనింది.
అందరూ నవ్వినారు.
గంట కొట్టినాక కూడా అడుగుతాందని.

నోటుపుస్తకం తెరిచినా.
నీళ్లు, కుర్చీ, మాట.
కింద ఇంకొకటి రాయబోతే పెన్ను పడలే,
విదిలించి, దిద్ది దిద్ది రాసినా:
తేదీ.
దాని పక్కన ఏం రాయాల్నో
ఆ హాల్లో ఎవురినీ అడగలేకపోయినా.
కింద గోడౌన్లో లారీ నుంచి టైర్లు దించుతాండారు,
ఒక్కొక్కటీ దొర్లి, గోడకు కొట్టుకొని, పడుకుంటాంది.