ముప్పై ఏడో కన్ను

నా ముందర గోడంతా బెంగళూరు.
నలభై ఎనిమిది గళ్ళు, గడికొక వీధి,
అన్నీ మూగవే.
తమట వాయించే చేతులు కనబడతాయి, మోత వినబడదు.
గుమ్మడికాయ నేలకేసి కొడతారు,
కుంకుమ ఎర్రగా చిమ్మినాక గానీ
పగిలిందని తెలీదు.

తెల్లారితే ఆయుధపూజ.
హొసూరు రోడ్డు మీద పూలబండ్లు చీమలబారు.
వాటిల్లో ఒకటి మాది.
మాలూరు బంతిపూలు, పన్నెండు మూటలు,
పైన టార్పాలిన్, ఎడమ మూల చిరుగు.
పచ్చదారంతో నేనే కుట్టిన చిరుగది.
తెర మీద దారం కనబడదు,
గాలికి ఆ మూల లేచే తీరు మాత్రం
ఎంత దూరం నుంచైనా పట్టేస్తాను.

చౌడప్ప ఫోన్‌లో మ్యాపు ఉంది. నమ్మడు.
"ఎర్రగీత గీస్తాది గానీ
ఎందుకెర్రగా ఉందో చెప్పదు కదమ్మీ."
ఎందుకో నాకు తెలుసు.
మడివాళలో అరటిపిలకల లారీ పక్కకు ఒరిగింది.
డైరీ సర్కిల్‌లో ఒక ఆవు
నడిరోడ్డున నిలబడి ఆ పిలకల్నే నములుతోంది,
హారన్ కొట్టే ధైర్యం ఎవరికీ లేదు.
విల్సన్ గార్డెన్‌లో గుమ్మడికాయల గుట్టలు
సగం రోడ్డును కొనేసుకున్నాయి.

ఇక్కడ ఫోన్ పట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది.
అందుకని నీళ్ళకని లేస్తాను, మెట్ల మీద ఆగుతాను.
ఒక మిస్డ్ కాల్ అయితే ఎడమకు తిరుగు.
రెండయితే నేరుగా పో.
మూడయితే బండి ఆపి టీ తాగు.
మా పెళ్ళయిన ఆరేళ్ళలో
ఇంత తక్కువ మాటలతో ఎప్పుడూ కాపురం చెయ్యలేదు.

ఏ కంబం మీంచి చూస్తున్నానో ఆయనకు తెలీదు.
అందుకని ప్రతి కంబానికీ చెయ్యెత్తుతాడు.
పక్క కుర్చీలో రేణుకారాధ్య సార్ నవ్వుతాడు,
"ఎవరమ్మా వీడు, కెమెరాలకు మొక్కుతున్నాడు?"
"పండగ కదా సార్" అన్నాను.

రెండూ ఇరవై మూడుకు మినర్వా దాటాడు.
జె.సి. రోడ్డు గడి చూశాను. ఖాళీ.
తుడిచిపెట్టినట్టు, ఒక్క కుక్కయినా లేకుండా.
మెట్ల మీదికి పరిగెత్తి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చాను.
వెనక్కొచ్చి చూస్తే అదే ఖాళీ,
గాల్లో అదే ప్లాస్టిక్ సంచి, కింద పడకుండా.
మూలనున్న గడియారం రెండూ పన్నెండు దగ్గరే ఆగి ఉంది.
నేను ఆయన్ని పంపింది దారిలోకి కాదు,
పదకొండు నిముషాల కిందటి దారిలోకి.

ఆ గడి వెనకాల అసలు రోడ్డులో ఏముందో!
ఊరేగింపా, ఇరుక్కున్న బస్సా?
నాలుగు లోపల మార్కెట్‌కు చేరితే పూలు,
ఏడు దాటితే చెత్త.
మిగతా నలభై ఏడు గళ్ళలో
జనం కదులుతూనే ఉన్నారు, ఎవరూ నా వాళ్ళు కారు.
గాజుల చెయ్యి గోడ మీద పెట్టి
ఆగిపోయిన సంచిని గోటితో గీకాను, మూర్ఖంగా.

మూడూ నలభైకి, ముప్పై ఏడు. టౌన్ హాల్.
గాలికి లేచిన మూల.
బండి కంబం కిందే ఆగింది.
దిగాడు, మూటల మీదికెక్కాడు,
గుమ్మడికాయలు దించే కొక్కెపు కర్ర ఎవరిదో అడిగి తీసుకున్నాడు.
మొహం దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికి,
చెమట పట్టిన పెదవి, పంటి సందు,
ఆ తర్వాత గడంతా పసుపు.

"ముప్పై ఏడుకేమైంది?" సార్ కేక.
రిజిస్టర్ తెరిచాను. కారణం అనే గడిలో
దుమ్ము, సాలెగూడు, చెట్టుకొమ్మ, ఇతరం.
కలం పట్టుకుని కూర్చున్నాను.
రెక్కల సందుల్లోంచి బండ్ల దీపాలు
ఒక్కొక్కటే మార్కెట్ వైపు జారిపోతున్నాయి.
వాటిల్లో ఏది మాదో ఇప్పుడు చెప్పలేను.

మూర నలభై రూపాయలు పలికే రాత్రి
రెండు మూరలు కంబానికి చుట్టి పోయినాడు.
ఇంటికి రానీ, చెప్తాను.