ఎనిమిది అడుగులు

కుమార్‌పల్లిల జిరాక్స్ దుకాణం మీది గది.
గోడ నుంచి గోడకు ఎనిమిది అడుగులు,
అంతకన్న ఎక్కువ ఎవ్వరూ నడవలేరు మా స్టూడియోల.

ఎనుమాముల మార్కెట్ నుంచి
హమాలీ బొందయ్యను తోల్కొచ్చిండు ఫసీ భాయ్,
పూటకు నాలుగు వందలు మాట్లాడి.
ఒంటికి పదిహేడు సెన్సార్లు కట్టినం.
"గివేంది బిడ్డా, తాయెత్తులా?" అన్నడు.
వీపు మీద మిర్చి బస్తా పెట్టినం.
లోపల మిర్చి లేదు, పాత దిండ్లు.
ఆయన మాత్రం నలభై కిలోల లెక్కనే ఎత్తిండు.
వీపుకు వేరే లెక్క తెల్వదు.

ఆనాటి సంది అది నా లైబ్రరీల ఉన్నది:
నడక_07.
పక్కన ఉరుకుడు_11, కాజీపేట రైలు తప్పిపోయిన కోచింగు పిల్లగానిది.
ఏడుపు_03 ఫసీ భాయ్‌దే,
గ్లిజరిన్ లేకుంటనే.

మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ అతికించిన,
ఎక్కడ మొదలో ఎక్కడ తుదో కనపడకుంట.
నడుమును సున్నా దగ్గర కట్టేసిన.
ఇగ ఆయన ఎంత నడిచినా జరగడు,
కింద నేలనే ఎనకకు పోతది.

తర్వాత అరువులు మొదలైనయి.
బ్యాంకు ప్రకటనల ముసలి రైతుకు ఇచ్చిన.
వేగం సగం చేసి ఏనుగుకు.
కుడిఎడమలు తిప్పేసి ముప్పై మంది సైనికులకు,
ఒక్కొక్కని నడుమ ఐదారు ఫ్రేముల తేడా పెట్టి,
అందరూ ఒకడేనని గుర్తుపట్టకుంట.
రాణికి గూడ ఇచ్చిన.
చేతులు వేరే క్లిప్పు నుంచి తెచ్చిన,
కాళ్లు మాత్రం బొందయ్యవే.

మూట తీసెయ్యడం ఒక్క క్లిక్కు పని.
వంగుడు పోలే.
రాణి కిరీటం పెట్టుకొని
లేని బస్తా కింద నడిచింది సింహాసనం దాక.
ఎవరూ అడగలే.
రాజ్యభారం అనుకున్నరేమో.

మొన్న డిస్కు నిండింది.
పాతయి తీసేద్దామని దాని మీద పెడితే
సాఫ్ట్‌వేర్ అడిగింది:
నూట పద్నాలుగు సీన్లు దీని మీద ఆధారపడి ఉన్నాయి,
అయినా తొలగించాలా?

అంత పెద్ద సంసారం
ఆ ఎనిమిది అడుగుల మీద బతుకుతున్నదని
ఆయనకు నేను చెప్పనే లేదు.
నాలుగు వందలు. చాయ్ వేరే.

తీసెయ్యలే.
అసలు టేకు తెరిచిన, కోయక ముందుది.
తొమ్మిదో అడుగుకు గోడ.
ఆగుతడు.
దిండ్ల మూట మెల్లగ దించుతడు,
పగిలేదేదో ఉన్నట్టు.
రెండు చేతులు నడుముకు పెట్టి
నిటారుగ లేస్తడు.
ఉత్త ఎముకల బొమ్మల గూడ తెలుస్తది
వెన్నుల ఒక్కొక్క కీలు విచ్చుకునుడు.
తలకాయ నేననుకున్నదానికన్న జానెడు మీదికి పోతది.

డెబ్బైరెండు ఫ్రేములు. మూడు సెకన్లు.
చక్రానికి కుదరదని
నేనే కోసేసిన.

గిప్పుడు ఎలుగుబంటి కథ ఒకటి చేస్తున్న.
తేనెపట్టు మోసుకొని గుహకు చేరినంక
దాని నడుముకు ఆ మూడు సెకన్లు తగిలిచ్చిన.
క్లయింటు రాసిండు:
బాగుంది, చివర సాగింది, ట్రిమ్ చేయండి.

ఆదివారం మార్కెట్ బందు.
బొందయ్య కిందికి జిరాక్సుకొచ్చిండు, ఆధార్ కార్డు పట్టుకొని.
ఫోన్ల చూపెట్టిన.
శానా సేపు చూసిండు, మళ్ల ఎనకకు తిప్పమన్నడు, మళ్ల చూసిండు.
"ఎలుగుబంటి గూడ హమాలేనా?"

"ఆ ఆఖరిది తియ్యమంటున్నరు."

"తీస్తె తియ్యి" అన్నడు కాయితం మడతపెట్టుకుంట.
మెట్ల దాక పోయి ఆగిండు.
"గని మూటనైతె దింపనియ్యి బిడ్డా.
నెత్తిన పెట్టి గట్లనే ఇడ్సిపెట్టకు."

మెయిలుకు ఇంక జవాబు రాయలే.
ఎలుగుబంటి గుహ ముందర
నిటారుగ నిలబడే ఉన్నది.